ఫ్రీవీలు లేని బండి: ఫిక్స్‌డ్ గేరు సైకిలును ఇంట్లోనే బిగించుకునే పద్ధతి

బరంపురంలో మా వీధి మలుపులో ఒక సైకిలు మిస్త్రీ ఉన్నారు. నేను కొత్త బండిని మొదటిసారి ఆయన కొట్టు ముందునుంచి నడిపించుకుంటూ వెళుతుంటే, బండి కదిలినంతసేపూ పెడళ్లు వాటంతట అవే తిరగడం చూసి, "బాబూ, ఫ్రీవీలు పట్టేసినట్టుంది, ఇలా తీసుకురా, రెండు చుక్కలు కిరసనాయిలు పోస్తాను" అన్నారు. పట్టెయ్యలేదనీ, ఈ బండికి అసలు ఫ్రీవీలే ఉండదనీ చెప్పి ఒప్పించడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

ఆయన పొరపాటులో తప్పేమీ లేదు. మామూలు సైకిలులో ఫ్రీవీలు ఉంటుంది కనుక తొక్కడం ఆపితే వెనక చక్రం తన దారిన తాను తిరుగుతుంది. ఫిక్స్‌డ్ గేరు సైకిలులో వెనక పళ్లచక్రం హబ్బుకు గట్టిగా బిగిసి ఉంటుంది కాబట్టి, చక్రం తిరిగినంతసేపూ కాళ్లు తిరగవలసిందే. కాళ్లతో వెనక్కి అదిమితే బండి వేగం తగ్గుతుంది. అంటే మామూలు సైకిలులో బండిని ముందుకు నడపడానికి మాత్రమే పనికివచ్చే చైనూ, పళ్లచక్రమూ, వెనక ఇరుసు నట్లూ ఇక్కడ బండిని ఆపే పని కూడా చేస్తాయి. బిగింపులో ఎక్కడ నిదానించాలో, ఎక్కడ త్వరగా సాగిపోవచ్చో ఈ ఒక్క విషయమే చెబుతుంది. సీటు కాస్త వంకరగా ఉంటే నడుము నొప్పితో సరిపోతుంది, వెనక చక్రం దగ్గర నిర్లక్ష్యం చేస్తే చైను ఊడి చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది.

పెట్టె విప్పడం, పానాలు సమకూర్చుకోవడం

మన ఊళ్లకు ఈ బండ్లు సాధారణంగా పార్సిలులో అట్టపెట్టెలోనే వస్తాయి. క్రాంకులు, అంటే పెడళ్లు తగిలించే కడ్డీలు, ఫ్రేముకు బిగించే ఉంటాయి. ముందు చక్రం, హ్యాండిలు, సీటు, పెడళ్లు, కొన్నిసార్లు వెనక చక్రమూ చైనూ విడిగా ఉంటాయి. పెట్టెను కోసేటప్పుడు కత్తిని లోతుగా దించకండి, అట్టకు ఆనుకునే టైర్లు ఉంటాయి. ఫోర్కు కాళ్ల మధ్యా, వెనక చక్రం పట్టే చోటా ప్లాస్టిక్ అడ్డులు ఉంటాయి. వాటిని తీసి, ఆ రెండు చోట్లా లోహం వంగలేదని చూసుకోండి. ఫ్రేము గొట్టాలమీద వేలితో తడిమితే కంటికి కనబడని నొక్కు తెలుస్తుంది. ఏదైనా దెబ్బ కనబడితే బిగింపు మొదలుపెట్టకముందే ఫోటోలు తీసి పెట్టుకోవడం మేలు, ఒకసారి పానా పెట్టాక అది ఎవరివల్ల జరిగిందో తేల్చడం కష్టం.

పానాల జాబితా చిన్నదే. 4, 5, 6, 8 మి.మీ. అలెన్ కీలు, ఒక 15 మి.మీ. పానా, బ్రేకు తీగ కత్తిరించడానికి కటింగ్ ప్లేయరు, టైరు లీవర్లు, ఒక డబ్బా గ్రీజు ఉండాలి. 15 మి.మీ. పానా పెడళ్లకూ వెనక ఇరుసు నట్లకూ రెండింటికీ సరిపోతుంది, కాబట్టి దానిమీద డబ్బు దాచుకోకండి. తిప్పుడు పానా వాడితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. గ్రీజు మోటారు సామాను కొట్లలో దొరికేదే చాలు. వెనక పళ్లచక్రం వదులవకుండా పట్టే లాక్‌రింగును బిగించే కొక్కెం పానా, పళ్లచక్రాన్ని తిప్పే చైను పట్టీ అనేవి మాత్రం బరంపురం పెద్దబజారులో నాకు దొరకలేదు, వాటిని బండితోపాటే తెప్పించుకోవలసి వచ్చింది.

ఎంత గట్టిగా బిగించాలన్నది కొత్తవారికి పెద్ద చిక్కు. సూచికల్లో న్యూటన్ మీటర్లలో చెబుతారు, ఆ కొలత చూపే పానా ఇంట్లో ఎవరికీ ఉండదు. నేను ఇలా లెక్కవేసుకుంటాను. స్టెమ్ (హ్యాండిలును ఫోర్కుకు కలిపే ముక్క) బోల్టులకు కావలసినది దాదాపు 5 న్యూటన్ మీటర్లు, అంటే పది సెంటీమీటర్ల అలెన్ కీ చివర అయిదు కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత బలం. వెనక నట్లకు కావలసినది 35 వరకు, అంటే ఇరవై సెంటీమీటర్ల పానా చివర దాదాపు పద్దెనిమిది కిలోల బరువు. మొదటిది మణికట్టుతో తిప్పే పని, రెండవది భుజంతో తిప్పే పని. ఈ రెండింటినీ తారుమారు చేసినవారే స్టెమ్ బోల్టులు తెంపుతారు.

మరలు ఎటు తిరుగుతాయి

ఏ మరా బిగించకముందే ఇది మనసులో పెట్టుకోండి. ఈ బండిలో మూడు చోట్ల మరలు తిరగబడి ఉంటాయి, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే బిగుస్తాయి. ఎడమ పెడలు ఒకటి, వెనక హబ్బుమీది లాక్‌రింగు రెండవది, క్రాంకుల ఇరుసు పట్టే కుడివైపు కప్పు మూడవది (ఎక్కువ బండ్లలో ఉండే ఇంగ్లిషు కొలత కప్పులకు). మూడవదాన్ని కదిపే అవసరం మీకు రాదు. రెండవదాని గురించి ముందు ముందు వివరంగా చెబుతాను.

మొదటిదాని గురించి నా కథే చెప్పాలి. పెట్టె వచ్చిన సాయంత్రం ఉత్సాహం ఆపుకోలేక, అన్నిటికంటే తేలికైన పని అనుకుని పెడళ్లతో మొదలుపెట్టాను. ఎడమ పెడలును అలవాటు చొప్పున కుడికి తిప్పాను. ఒక చుట్టు తిరిగి పట్టేసింది. పానా వేసి ఇంకొంచెం బలం పెట్టాను. క్రాంకు రంధ్రంలోంచి సన్నటి అల్యూమినియం పొట్టు, కొబ్బరి కోరులా, మెలికలు తిరుగుతూ బయటికి వచ్చింది. పెడలు ఇరుసు ఉక్కు, క్రాంకు అల్యూమినియం. ఆ పోటీలో ఎవరు ఓడతారో వేరే చెప్పాలా? పైన చెప్పిన మిస్త్రీయే మర్నాడు మర కోసే ట్యాపు పెట్టి ఆ మరను మళ్లీ సరిచేసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు.

ఆ పొరపాటు మీకు జరగకుండా ఉండాలంటే పెడలు ఇరుసు చివర ఎల్, ఆర్ అనే ఆంగ్ల అక్షరాలను చూడండి. ఎల్ అని ఉన్నది ఎడమది. మరకు గ్రీజు పూసి, పానా ముట్టుకోకుండా వేళ్లతోనే కనీసం మూడు నాలుగు చుట్లు తిప్పండి. వేళ్లకు ఎదురుతిరిగితే మర వంకరగా పట్టిందన్నమాట, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు పెడళ్లూ బండి ముందువైపుకు తిప్పితేనే బిగుస్తాయన్నది ఇంకో గుర్తు.

ముందు భాగం: ఫోర్కు, హ్యాండిలు, చక్రం

పెట్టెలో పట్టడానికి ఫోర్కును వెనక్కి తిప్పి ఉంచుతారు. దాన్ని సరిచేయకుండానే చక్రం బిగించి ఫోటోలు దిగినవారిని నేను చూశాను. ఫోర్కు కాళ్ల వంపు ముందువైపుకు ఉండాలి, బ్రేకు బిగించే రంధ్రమూ ముందువైపే ఉండాలి.

ఇప్పటి బండ్లలో ఎక్కువగా మరలు లేని హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగుల జత) వస్తోంది. దీన్ని బిగించే వరుస ముఖ్యం. స్టెమ్‌ను ఫోర్కు గొట్టంమీద దించి, దాని పక్క బోల్టులను వదులుగానే ఉంచి, ముందు పైమూత బోల్టును కొద్దికొద్దిగా బిగించాలి. ఆ బోల్టు పని స్టెమ్‌ను పట్టి ఉంచడం కాదు, బేరింగుల మధ్య ఆటను తీసివేయడం మాత్రమే. ముందు బ్రేకు బిగించి ఉంటే దాన్ని పట్టుకుని, లేకపోతే చక్రాన్ని మోకాళ్ల మధ్య నొక్కి, బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. హెడ్‌సెట్ దగ్గర రెండో చేతి వేలు ఉంచితే టక్‌టక్‌మనే కదలిక తెలుస్తుంది. ఆ కదలిక పోయేవరకు పైమూతను బిగించి, హ్యాండిలు బరువు లేకుండా రెండు వైపులా తిరుగుతోందో లేదో చూసి, ఆ తరువాతే హ్యాండిలును చక్రానికి సూటిగా నిలిపి పక్క బోల్టులను బిగించండి. హ్యాండిలు పట్టే నాలుగు బోల్టులను ఒకటి విడిచి ఒకటిగా, ఎదురెదురు మూలల వరుసలో బిగిస్తూ, పైనా కిందా సందు సమానంగా ఉండేలా చూడాలి.

బండిని ఊపి చూసే పనికి ముందే ముందు చక్రం పెట్టుకోవాలి, అది తేలిక. చక్రాన్ని ఫోర్కులోకి పూర్తిగా దించి, బండి నేలమీద నిలబడి ఉండగానే రెండు నట్లూ మార్చిమార్చి బిగిస్తే అది దానంతటదే నడిమధ్యలో కూర్చుంటుంది.

సీటు గొట్టంమీద గీసి ఉన్న కనీస లోతు గీత ఫ్రేములోపల దాగిపోవాలి, గొట్టానికి తప్పకుండా గ్రీజు పూయాలి. మడమను పెడలుమీద ఉంచి అట్టడుగుకు తిప్పినప్పుడు కాలు సూటిగా చాస్తే ఎత్తు సరిగ్గా ఉన్నట్టే.

వెనక చక్రం

హబ్బును చేతిలోకి తీసుకుని రెండు వైపులా చూడండి. చాలా బండ్లకు ఒకవైపు ఫిక్స్‌డ్ పళ్లచక్రం, మరోవైపు ఫ్రీవీలు బిగించుకునే వీలున్న హబ్బు వస్తుంది. ఫిక్స్‌డ్ వైపున మరలు రెండు మెట్లుగా ఉంటాయి: లోపలి పెద్ద మెట్టుమీద పళ్లచక్రం కుడి మరతో బిగుస్తుంది, బయటి చిన్న మెట్టుమీద లాక్‌రింగు ఎడమ మరతో బిగుస్తుంది. ఈ ఎదురు మరలో ఒక తెలివి ఉంది. మీరు కాళ్లతో వెనక్కి అదిమినప్పుడు పళ్లచక్రం విప్పుకునే దిశలో తిరగాలని చూస్తుంది. అలా తిరగబోతే లాక్‌రింగును తనతోపాటు లాగుతుంది. లాక్‌రింగుకు మాత్రం అదే బిగుసుకునే దిశ. అందుచేత పళ్లచక్రం ఎంత వదులవాలని చూస్తే లాక్‌రింగు దాన్ని అంత గట్టిగా అదిమి పెడుతుంది.

ఇక్కడే మన ప్రాంతంలో జరగడానికి ఎంతో వీలున్న ప్రమాదం ఉంది. ఫ్రీవీలు మర, ఫిక్స్‌డ్ పళ్లచక్రం మర రెండూ ఒకే కొలతవి: 1.37 అంగుళాలు, అంగుళానికి 24 మరలు. కాబట్టి ఫ్రీవీలు బిగించే వైపున, లేదా పాత నల్ల సైకిలు హబ్బుమీద, ఫిక్స్‌డ్ పళ్లచక్రం చక్కగా ఎక్కి కూర్చుంటుంది, ఎక్కించినవారికి అంతా సరిపోయినట్టే కనబడుతుంది. కానీ అక్కడ లాక్‌రింగుకు మెట్టు లేదు. మొదటిసారి కాళ్లతో వెనక్కి అదిమి బండి ఆపబోయినప్పుడు పళ్లచక్రం విప్పుకుని ఖాళీగా తిరుగుతుంది, ముందు బ్రేకు లేకపోతే మీ చేతిలో ఆపే సాధనం ఏదీ ఉండదు. ఎంత అనుభవమున్న మిస్త్రీ అలా బిగించి ఇచ్చినా వద్దని చెప్పండి.

పళ్లచక్రాన్ని బిగించడానికి మరకు గ్రీజు పూసి, చేతితో చివరిదాకా తిప్పి, తరువాత చైను పట్టీతో బలంగా లాగాలి. ఆపైన లాక్‌రింగును కొక్కెం పానాతో ఎదురు దిశలో బిగించాలి. సుత్తీ ఉలీ పెట్టి లాక్‌రింగును కొట్టడం చూస్తుంటాం, దానివల్ల గాడి చెడిపోతుంది, తరువాత విప్పడానికి పానా పట్టదు. సుత్తి గురించి ఇంకొక మాట: నల్ల సైకిలు క్రాంకులకు కాటర్ పిన్ను ఉంటుంది, దాన్ని సుత్తితో కొట్టి కూర్చోబెట్టడం మన మిస్త్రీలకు అలవాటు. ఈ బండి క్రాంకులు చదరపు ఇరుసుమీద బోల్టుతో బిగుస్తాయి. సుత్తికి అక్కడ పని లేదు, 8 మి.మీ. అలెన్ కీతో భుజబలం పెట్టి బిగిస్తే సరిపోతుంది.

చైను బిగువు

చైను పిచ్చు (ఒక పిన్నునుంచి పక్క పిన్నుకు దూరం) అర అంగుళం, వెడల్పు సాధారణంగా 1/8 అంగుళం. నల్ల సైకిలు చైనుదీ అదే కొలత, అవసరానికి ఊళ్లోనే దొరుకుతుంది. చైనును రెండు పళ్లచక్రాలమీదా వేశాక వెనకనుంచి ఒక కన్ను మూసి చూడండి, అది ముందునుంచి వెనకకు ఒకే సరళరేఖలో పోవాలి. ఇలాంటి ఫిక్స్‌డ్ (ట్రాక్) హబ్బుల్లో ఫ్రేము మధ్యగీతనుంచి పళ్లచక్రానికి దూరం మామూలుగా 42 మి.మీ. ఉంటుంది, ముందు పళ్లచక్రమూ అంతే దూరంలో ఉండాలి.

ఈ ఫ్రేములో వెనక గాడి వెనకవైపుకు తెరుచుకుని ఉంటుంది. చక్రాన్ని వెనక్కి లాగితే చైను బిగుస్తుంది, ముందుకు నెడితే వదులవుతుంది. మొదట చక్రాన్ని చేతితో వెనక్కి లాగి కుడి నట్టును కొద్దిగా బిగించండి. టైరును ఎడమవైపుకు నెట్టి ఎడమ నట్టును కొద్దిగా బిగించండి. కుడి నట్టును వదిలి టైరును మళ్లీ మధ్యకు తెస్తే కుడివైపు ఇరుసు కాస్త వెనక్కి జరుగుతుంది. ఇలా రెండు వైపులా మార్చుకుంటూ పోతే చక్రం నడక నేర్చుకునే పిల్లవాడిలా అడుగడుగుగా వెనక్కి నడుస్తుంది. మొదటిసారి నాకు ముప్పావుగంట పట్టింది, ఇప్పుడు అయిదు నిమిషాల పని.

కావలసిన బిగువు ఎంత? కింది చైనును నడిమధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం అర అంగుళం ఆడాలి. కానీ ఒక్కచోట చూసి ఆగకండి. ముందు పళ్లచక్రం ఏదీ పూర్తిగా గుండ్రంగా ఉండదు, క్రాంకును కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే ఒకచోట చైను బిగుస్తుంది, ఇంకొకచోట వదులవుతుంది. బిగిసే చోట కొలవాలి. అక్కడ ఆట అసలే లేకపోతే తొక్కేటప్పుడు కిర్రుమనే మోత వస్తుంది, బేరింగులు త్వరగా అరుగుతాయి, వెనక చక్రాన్ని తిప్పి వదిలితే త్వరగా ఆగిపోతుంది. వదులు మరీ ఎక్కువైతే గతుకులో చైను పళ్లమీదనుంచి ఊడుతుంది.

ఈ పని చేసేటప్పుడు వేళ్లను చైనుకూ పళ్లకూ మధ్యకు పోనివ్వకండి. బండిని తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రం తిప్పితే అది సులభంగా ఆగదు, ఫ్రీవీలు లేదు కనుక చైను దానితోపాటు తిరుగుతూనే ఉంటుంది. తిరుగుతున్న చైనును గుడ్డతో తుడవబోయి వేలి కొన పోగొట్టుకోవడానికి రెప్పపాటు చాలు. చక్రం ఆగాకే తుడవండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి. తొక్కేటప్పుడు కూడా లుంగీ, దుపట్టా, వదులు పైజామా కుడికాలి దగ్గర ప్రమాదమే.

చివరగా, చక్రం ఫ్రేము మధ్యలో సమానంగా ఉందని చూసి రెండు నట్లనూ భుజబలంతో పూర్తిగా బిగించండి. ఒక్క కుడి నట్టు వదులైనా చైను లాగుడుకు చక్రం ముందుకు జారి, టైరు ఫ్రేముకు ఒరుసుకుంటుంది.

గేరు ఎంత ఉండాలి

పెట్టెలో వచ్చే బండికి ఎక్కువగా ముందు 46, వెనక 16 పళ్లు ఉంటాయి. క్రాంకు ఒక చుట్టు తిరిగితే చక్రం 2.875 చుట్లు తిరిగి, బండి దాదాపు ఆరు మీటర్లు సాగుతుంది. బరంపురంనుంచి సముద్రపు ఒడ్డున ఉన్న గోపాలపూర్ పోయే దారికి ఇది చక్కగా సరిపోతుంది. కొత్తవారి కాళ్లకు మాత్రం వెనక 18 పళ్లు ఇంకా మంచిది: చుట్టుకు అయిదున్నర మీటర్లకు కాస్త తక్కువ సాగుతుంది, ఆపడమూ తేలిక. కాళ్లు బిగబట్టి వెనక చక్రాన్ని జార్చి ఆపడం నేర్చుకోవాలనుకునేవారు 48, 16 జోడీ తీసుకోకండి. అది సరిగ్గా మూడింతలు కనుక ప్రతిసారీ టైరులో అదే భాగం రోడ్డుకు రాసుకుని అరుగుతుంది. 46, 17 జోడీకి ఆ అరుగుదల పదిహేడు చోట్లకు పంచుకుంటుంది.

బ్రేకు, టైర్లు

వెలోడ్రోములో, అంటే సైకిలు పందేల ట్రాకులో, పోటీ బండ్లకు బ్రేకులు ఉండవు, ఆ ఫోటోలు చూసి బ్రేకు తీసేయడం గొప్ప అనుకునే కుర్రవాళ్లు ఉన్నారు. వెలోడ్రోములో ఎదురుగా ఆవు రాదు, ఆటో అడ్డం తిరగదు. ముందు బ్రేకు తప్పకుండా ఉండాలి. బ్రేకు దిమ్మెలు రిమ్ముకు సమానంగా, టైరును తాకకుండా, దాదాపు రెండు మి.మీ. దూరంలో నిలవాలి. తీగను బిగించాక లీవరును ఇరవైసార్లు గట్టిగా నొక్కండి. కొత్త తీగ సాగుతుంది, మళ్లీ లాగి బిగించాలి.

టైర్ల విషయంలో ఊళ్లో కొట్లను నమ్ముకోలేం. నల్ల సైకిలు 28 అంగుళాల టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మి.మీ., ఈ బండిది 622 మి.మీ. పైకి చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గాని, ఒకదాని టైరు ఇంకొకదానికి సరిపోదు. సన్నటి ప్రెస్టా వాల్వు ఉన్న ట్యూబులు రెండు అదనంగా తెప్పించి పెట్టుకోండి, దానితోపాటు మోటారు సైకిలు పంపు పట్టే ఇత్తడి అడాప్టరు ఒకటి. అది లేకపోతే ఏ గాలి కొట్టులోనూ మీకు గాలి పట్టదు. 25 మి.మీ. టైరుకు 80 నుంచి 100 పీఎస్‌ఐ వరకు నింపాలి, టైరు పక్కన రాసిన గరిష్ఠాన్ని దాటకూడదు.

మొదటి సవారీ

మొదటి రోజు ఖాళీ మైదానం చాలు. ఎక్కగానే కాళ్లు ఆపాలన్న అలవాటు మిమ్మల్ని సీటుమీదనుంచి ఒక్క కుదుపున లేపుతుంది. అది అందరికీ జరిగేదే. పాదాలను పట్టీలతో పెడళ్లకు కట్టుకోవాలి, లేకపోతే వేగంలో పెడలు పాదంనుంచి జారి పిక్కను బాదుతుంది. మలుపులో లోపలివైపు పెడలును పైకి ఎత్తి ఆపుకునే వీలు లేదు, బండిని ఎక్కువగా వంచితే పెడలు నేలకు తగులుతుంది. నిదానంగా తిరగండి. తప్తపాణి ఘాట్ (కొండదారి) దిగడాన్ని ఈ బండితో ప్రయత్నించకండి, ఏటవాలులో కాళ్లు చక్రం వేగాన్ని అందుకోలేవు.

పది కిలోమీటర్లు తొక్కాక, చిన్న ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కి పళ్లచక్రాన్ని ఇంకాస్త బిగుసుకోనిచ్చి, ఇంటికి వచ్చి లాక్‌రింగును మళ్లీ బిగించండి. దాదాపు ప్రతి కొత్త బండిలోనూ అది పావుచుట్టు వస్తుంది. వెనక నట్లనూ, క్రాంకు బోల్టులనూ, పెడళ్లనూ అప్పుడే ఒకసారి చూడండి. యాభై కిలోమీటర్లకు మళ్లీ చూడండి.

సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఉండేవారికి ఇంకొక పని ఉంది. గోపాలపూర్ ఒడ్డుదాకా వెళ్లి వచ్చిన రోజు బండిని మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చైనుకు మిషను నూనె వేయండి. కొబ్బరినూనె వేయకండి, ఇసుకను అంటించుకుని జిగురు కడుతుంది. రెండు నెలలకొకసారి సీటు గొట్టాన్ని బయటికి తీసి, పాత గ్రీజు తుడిచి కొత్తది పూయండి. నా స్నేహితుడు ఒకడు రెండు వర్షాకాలాలు దాన్ని ముట్టుకోలేదు, ఇప్పుడు ఆ గొట్టం ఫ్రేములోనే తుప్పుపట్టి పాతుకుపోయింది; వాడి తమ్ముడు పొడుగైనా అదే ఎత్తున తొక్కుతున్నాడు.